ఆ సింహం నాది!

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్లిపరీ రాక్ అని ఓ చిన్న ఊరు. ఏటా జులై ఆఖర్లో ఆ ఊరి దగ్గరున్న కూపర్స్ లేక్ మైదానంలో అడుగుపెడితే మనం ఏ శతాబ్దంలో ఉన్నామో చప్పున అర్థంకాదు. ఎటు చూసినా గుడారాలు, వాటిమీద రెపరెపలాడే రంగురంగుల జెండాలు. ఉక్కు శిరస్త్రాణాలు పెట్టుకున్న యోధులు బారులు తీరి నడుస్తుంటారు. ఓ పక్క కొలిమి దగ్గర సుత్తి చప్పుడు, మరో పక్క మగ్గం మీద నేత. కిరీటం పెట్టుకున్నాయన ఎదురైతే దారినపోయేవాళ్లు ఆగి తల వంచుతారు.

సినిమా షూటింగేమీ కాదది. అక్కడ చేరే పదివేలమందికి పైగా జనంలో డబ్బు పుచ్చుకుని వేషం కట్టినవాళ్లు ఉండరు. ఇంజినీర్లు, నర్సులు, టీచర్లు, మెకానిక్కులు... అందరూ సెలవు పెట్టుకుని, చేతి డబ్బు ఖర్చుపెట్టుకుని వచ్చినవాళ్లే. కత్తులు కూడా ఉక్కువి కావు, బెత్తంతో చేసినవి. మొదటిసారి 1972లో జరిగిన ఈ జాతర పేరు 'పెన్సిక్ వార్'. రెండువారాలపాటు సాగుతుంది.

ఆ సందడిలో కత్తీ డాలూ అక్కర్లేని గుడారం ఒకటుంది. బల్లలు, కుర్చీలు, పేర్ల నిఘంటువులు, కంప్యూటర్లు, స్కూలు పిల్లలు వాడే స్కెచ్ పెన్నులు... చూస్తే మన రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజు లేఖరులు కూర్చునే చెట్టునీడ గుర్తొస్తుంది. 'హెరాల్డ్స్ పాయింట్' అంటారు దాన్ని. అక్కడికి వచ్చేవాళ్లు అడిగేవి ముఖ్యంగా రెండే. నాకో పాతకాలం పేరు కావాలి. నా డాలు మీద వేసుకోవడానికి ఓ గుర్తు కావాలి. ఆ రెండూ నావేనని, ఇంకెవరివీ కావని రాసివ్వాలి!

ఆడుకోవడానికి కట్టుకున్న రాజ్యంలో అచ్చమైన ప్రభుత్వ కార్యాలయం అన్నమాట. అర్జీలు, అభ్యంతరాలు, తిరస్కరణలు, అప్పీళ్లు అన్నీ ఉంటాయి. ఒక్క జీతాలే ఉండవు.

తాటిచెట్టు జెండా ఎవరిది?

డాలు మీద గుర్తుకు అంత విలువేంటి అనుకుంటున్నారా? 'నర్తనశాల' సినిమా చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఉత్తర గోగ్రహణం ఘట్టంలో కౌరవసేన మొత్తం ఎదురుగా నిలబడితే ఉత్తరకుమారుడికి ఎవరు ఎవరో తెలియదు. అప్పుడు అర్జునుడు ఒక్కొక్కరి జెండా చూపించి చెబుతాడు. బంగారు వేదిక ఉన్నది ద్రోణుడిది, సింహం తోక అశ్వత్థామది, ఎద్దు కృపుడిది, శంఖం కర్ణుడిది, పాము దుర్యోధనుడిది, తాటిచెట్టు భీష్ముడిది. తిక్కన ఒకే ఒక్క సీసపద్యంలో ఇమిడ్చిన ఆ జాబితా ఘంటసాల గొంతులో ఇంటింటికీ చేరింది.

సరిగ్గా అదే అవసరం 12వ శతాబ్దంలో ఐరోపాకు వచ్చింది. తల నుంచి కాలిదాకా ఇనుము తొడుక్కుంటే కన్నకొడుకు కూడా తండ్రిని గుర్తుపట్టలేడు. అందుకని డాళ్ల మీదా, కవచంపైన వేసుకునే అంగీల మీదా గుర్తులు మొదలయ్యాయి. అంగీమీద ఉంది కాబట్టే ఇంగ్లిషులో వాటికి 'కోట్ ఆఫ్ ఆర్మ్స్' అని పేరు. ఏ గుర్తు ఎవరిదో కంఠతా పట్టి, పోటీల్లో యోధుల పేర్లు కేకవేసి చెప్పే ఉద్యోగులే హెరాల్డులు. మన వందిమాగధులకు దూరపు చుట్టాలు. కాకపోతే పొగడటంతో సరిపెట్టకుండా లెక్కలు కూడా రాశారు. ఇంగ్లండులో ఈ హెరాల్డుల సంస్థ 'కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్'కు 1484లో మూడో రిచర్డ్ రాజు అధికారపత్రం ఇచ్చాడు. లండన్‌లో అది నేటికీ పనిచేస్తోంది.

మరి ఒకే గుర్తు ఇద్దరు వేసుకుంటే? అలాంటి గొడవ ఒకటి చరిత్రలో నిలిచిపోయింది. 1385లో ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ స్కాట్లండు మీదికి దండు కదిలించాడు. ఆ సైన్యంలో సర్ రిచర్డ్ స్క్రోప్, సర్ రాబర్ట్ గ్రోవ్‌నర్ అనే ఇద్దరు యోధులు ఒకరి డాలు చూసి ఒకరు నిర్ఘాంతపోయారు. నీలం రంగు మీద ఏటవాలుగా ఓ బంగారు పట్టీ... ఇద్దరిదీ అదే! స్క్రోప్ దావా వేశాడు. వందలమంది సాక్ష్యం చెప్పారు. అందులో ఆంగ్ల కవి జెఫ్రీ చాసర్ కూడా ఉన్నాడు. లండన్‌లో ఓ వీధిలో వెళుతుంటే ఓ సత్రం బయట ఈ గుర్తు కనిపించిందని, స్క్రోప్‌గారి బసేమో అని అడిగితే కాదు గ్రోవ్‌నర్‌ది అన్నారని, ఆ పేరు వినడం అదే మొదటిసారని ఆయన చెప్పిన సాక్ష్యం నేటికీ భద్రంగా ఉంది.

కేసు ఏళ్ల తరబడి నడిచింది. 1389లో తీర్పు స్క్రోప్‌కు అనుకూలంగా వచ్చింది. అయితే గ్రోవ్‌నర్ కూడా డాలు చుట్టూ వెండి అంచు కలుపుకుని అదే గుర్తు వాడుకోవచ్చన్నారు. రాజు దానికీ ఒప్పుకోలేదు. ఒక్క అంచు తేడా అన్నదమ్ముల పిల్లల మధ్యయితే సరిపోతుంది, ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య ఎలా సరిపోతుందన్నాడు. గ్రోవ్‌నర్‌కి పట్టీ పూర్తిగా పోయింది. దాని బదులు బంగారు గోధుమపన పెట్టుకున్నాడు. ఆ కడుపుమంట ఎంత కాలం ఉందో చూడండి... అయిదువందల ఏళ్ల తరవాత ఆ వంశంలోని వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ తన పందెం గుర్రానికి 'బెండ్ ఆర్' అని పేరు పెట్టుకున్నాడు. అంటే బంగారు పట్టీ! ఆ గుర్రం 1880లో డెర్బీ గెలిచింది.

రాజుగారి ఆ వాదనను గుర్తుంచుకోండి. మళ్లీ దానితో పని పడుతుంది.

పెరట్లో పుట్టిన రాజ్యం

1966 మే 1. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో డయానా పాక్సన్ అనే విద్యార్థిని ఇంటి పెరట్లో ఓ విందు జరిగింది. తరవాతి రోజుల్లో ఆమె నవలా రచయిత్రిగా పేరు తెచ్చుకుంది. మధ్యయుగాల నాటి వేషాలు వేసుకుని రమ్మని స్నేహితులను పిలిచింది. వచ్చినవాళ్లు కర్రకత్తులతో పోటీలు పడ్డారు, ఆడారు, పాడారు. చివరికి ఇరవయ్యో శతాబ్దం మాకొద్దంటూ వీధిలో ఊరేగింపు కూడా తీశారు. ఒక్కరోజు సరదాగా మొదలైంది కాస్తా మళ్లీ చేద్దాం, మళ్లీ చేద్దాం అంటూ పెరిగింది. పార్కులో జరుపుకోవాలంటే అనుమతి కావాలి. అనుమతికి సంస్థ పేరు కావాలి. అలా అప్పటికప్పుడు పుట్టిన పేరే 'సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రానిజం'. ముద్దుగా ఎస్‌సీఏ. కాలానికి పొసగని పనిని కళగా చేసేవాళ్ల సంఘం అని చెప్పుకోవచ్చు.

ఇప్పుడు దానికింద 20 'రాజ్యాలు' ఉన్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిపి ఒక రాజ్యం. ఐరోపా అంతా ఇంకో రాజ్యం. పోటీ పెట్టి, గెలిచినవాళ్లనే రాజును చేస్తారు. కొన్ని నెలలు ఏలాక కిరీటం ఇంకొకరికి. 1600 సంవత్సరానికి ముందు ఉండి ఉండగలిగిన ఓ మనిషిగా ప్రతి సభ్యుడూ తనను తాను ఊహించుకోవాలి. ఆ మనిషికో పేరుండాలి, ఓ డాలు గుర్తుండాలి.

ఇక్కడే ఈ ఆటకూ అసలు చరిత్రకూ పెద్ద తేడా ఉంది. డాలు గుర్తు అనేది చాలావరకు కలిగినవాళ్ల సొత్తు. మన దగ్గరికీ అది పైనుంచే వచ్చింది. విక్టోరియా మహారాణి భారత సామ్రాజ్ఞి అయినప్పుడు 1877 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు జరిగింది. వచ్చిన సంస్థానాధీశులకు వైస్రాయి లిట్టన్ పట్టుజెండాలు బహూకరించాడు. వాటిమీద ఐరోపా పద్ధతిలో డాలు గుర్తులు గీసింది బెంగాల్ సివిల్ సర్వీసు అధికారి రాబర్ట్ టేలర్. హైదరాబాదు నుంచి వెళ్లిన మహబూబ్ అలీఖాన్ అప్పటికి పదేళ్ల పిల్లవాడు. 'మీకు ఏ గుర్తు కావాలి' అని అర్జీలు పిలిచి చేసిన పని కాదది.

ఎస్‌సీఏలో మాత్రం నిన్న చేరిన కాలేజీ కుర్రాడు కూడా రాజుగారితో సమానంగా గుర్తు నమోదు చేసుకోవచ్చు. అసలు నమోదు చేసుకోకపోయినా అడిగేవాళ్లు లేరు. అయినా వేలకు వేలమంది చేసుకుంటారు. రూపాయికి పనికిరాని ఆ కాగితం కోసం నెలల తరబడి ఎదురుచూస్తారు.

అర్జీ కదిలింది!

ఓ నర్సమ్మ అర్జీ పెట్టుకుందనుకుందాం. ఎర్ర డాలు మీద నిలబడిన బంగారు సింహం, చుట్టూ నక్షత్రాలు, కింద ఓ కోట, పైన రెండు గులాబీలు కావాలంది. పేరు... ఓ నవలలో చదివిన అందమైన పేరు.

ముందు ఆమె ఉండే ఊరి హెరాల్డు కూర్చోబెట్టి మాట్లాడతాడు. నవలల్లో పుట్టిన పేర్లు చెల్లవు. పేరులో కనీసం రెండు ముక్కలుండాలి, ఒకటి సొంతపేరు, రెండోది ఇంటిపేరో ఊరిపేరో. ఆ రెండూ పాతకాలంలో నిజంగా వాడారని రుజువు చూపించాలి. 1650 దాకా దొరికిన ఆధారాలను ఒప్పుకుంటారు. అందుకే హెరాల్డులు పాత చర్చి రిజిస్టర్లలోని బాప్టిజం నమోదులు, పన్ను పట్టీలు తిరగేస్తుంటారు. ఎప్పుడో నాలుగొందల ఏళ్ల కిందట ఓ పల్లెటూరి గుమస్తా రాసిన ఒక్క గీత చాలు, పేరు ఖాయం.

వెతికితే ఆశ్చర్యాలూ దొరుకుతాయి. 'టిఫానీ' అంటే మొన్నమొన్నటి ఫ్యాషను పేరనుకుంటాం కదా. దాని పాతరూపాలు మధ్యయుగాల్లోనే ఫ్రాన్సు, ఇంగ్లండుల్లో ఉన్నాయి. జనవరి 6న వచ్చే ఎపిఫనీ పండగతో ముడిపడ్డ పేరది. మనవాళ్లు శుక్రవారం పూట పుట్టిన పిల్లకు లక్ష్మి అని పెట్టుకున్నట్టు! ఇక పేరుకు ముందు 'సర్' అనో 'ప్రిన్స్' అనో అర్థమొచ్చేలా తగిలించుకుంటే ఒప్పుకోరు. లేని హోదా చెప్పుకున్నట్టవుతుంది. చరిత్రలో పేరుమోసినవాళ్ల పేర్లూ కుదరవు.

తరవాత గుర్తు. రంగుల విషయంలో మధ్యయుగాల నాటి సూత్రం ఒకటుంది. పసుపు, తెలుపు అనేవి బంగారం, వెండితో సమానం... అవి లోహాలు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఊదా, నలుపు రంగులు. లోహం మీద లోహం వేయకూడదు, రంగు మీద రంగు వేయకూడదు. దుమ్ము రేగే మైదానంలో యాభై గజాల దూరం నుంచి కనబడాలి కదా మరి. మన ట్రాఫిక్ బోర్డులు రాసేవాళ్లకు ఈ సూత్రం చెప్పాల్సిన పనిలేదు. పెళ్లిపత్రికలు అచ్చువేసేవాళ్లకు మాత్రం ఓసారి చెబితే బాగుణ్ను!

ఈ వ్యాసం రాస్తూ రాస్తూ నేనూ కాగితం తీసుకుని నాకో గుర్తు గీసుకున్నాను. పసుపుపచ్చ డాలు మీద తెల్లటి మల్లెపువ్వు. ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాను. మొదటి నిబంధన దగ్గరే బోల్తాపడింది. బంగారం మీద వెండి!

మన నర్సమ్మ ఎర్ర డాలు మీద బంగారు సింహానికి ఆ ఇబ్బంది లేదు. కానీ బొమ్మలు ఎక్కువైపోయాయి. ఎన్నిరకాల బొమ్మలున్నాయో, ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టి కూడితే సాధారణంగా ఎనిమిది దాటకూడదు. అన్నిరకాల బొమ్మలు కుక్కితే దూరం నుంచి అలికేసినట్టు ఉంటుంది. ఊరి హెరాల్డు నచ్చజెబుతాడు. కోట తీసేద్దాం, నక్షత్రాలు ఎందుకు? చివరికి సింహం, దానిపైన రెండు గులాబీలు మిగులుతాయి. కాగితంమీద రంగులు వేసేటప్పుడు స్కెచ్ పెన్నులు ఎందుకంటే, ప్రింటర్లో వచ్చిన నీలం కొన్నాళ్లకు ఊదాగా మారిపోయి, పైకి పంపేసరికి ఏ రంగో తేలక అర్జీ తిరిగొచ్చే ప్రమాదం ఉంది. వేల డాలర్ల కవచాలున్న రాజ్యాల్లో ఆఖరికి దిక్కు పిల్లల రంగుపెన్నులే!

అక్కణ్నుంచి అర్జీ రాజ్యస్థాయికి వెళుతుంది. అక్కడి ప్రధాన హెరాల్డుకు ఓ బిరుదుంటుంది. ఆస్ట్రేలియావాళ్ల రాజ్యంలో అయితే 'క్రక్స్ ఆస్ట్రాలిస్', దక్షిణాకాశంలో కనిపించే నక్షత్రమండలం పేరు. అక్కడా గట్టెక్కితే అన్ని రాజ్యాల హెరాల్డుల ముందుకూ వస్తుంది. ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, సాయంగా కొత్త ఆధారమూ తేవచ్చు. ఓ అమెరికా నర్సు పేరు కోసం ఎక్కడో స్వీడన్‌లో ఉన్నాయన పాత పత్రాలు వెతికి పెట్టడం అక్కడ మామూలే. ఇదంతా ఇప్పుడు కంప్యూటర్లో జరుగుతోంది. ఇంటర్నెట్టు రాకముందు ప్రతి అర్జీనీ జిరాక్సులు తీసి, కవర్లలో పెట్టి, పోస్టులో పంపేవారు. అభిప్రాయాలు మళ్లీ పోస్టులో వచ్చేవి.

అన్నిటికన్నా పైన ముగ్గురుంటారు. పేర్ల సంగతి తేల్చేది 'పెలికన్'. గుర్తుల సంగతి తేల్చేది 'రెత్'. ఇద్దరికీ పెద్ద 'లారెల్'. ఇవన్నీ పదవుల పేర్లే. వీళ్లకీ పైసా జీతం లేదు. పగలు వేరే ఉద్యోగం, రాత్రి సింహాలూ గులాబీలూ. నెలనెలా నిర్ణయాల జాబితా బయటికొస్తుంది. ఆమోదించారా, తిప్పిపంపారా, ఆపి ఉంచారా అన్నది అందులో ఉంటుంది. మొత్తమ్మీద ఆరేడు నెలలు ఆగాల్సిందే.

'కుదరదు' అని రాయాలంటే...

అన్నీ సరిగ్గా ఉన్నా అర్జీ తిరిగిరావడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. ఆ గుర్తు అప్పటికే ఇంకొకరిదై ఉండటం. 'మోర్సులస్' అనే బిరుదున్న హెరాల్డు చూసుకునే జాబితాలో నమోదైన ప్రతి పేరూ, ప్రతి గుర్తూ ఉంటాయి. ఎవరైనా వెతుక్కోవచ్చు. 1966 నుంచీ పోగుపడుతూ వచ్చిన ఆ జాబితాలో ఎన్ని సింహాలుంటాయో ఊహించుకోండి!

పోలిక అంటే అచ్చుగుద్దినట్టు ఉండటమే కాదు. కొత్త గుర్తుకూ పాత గుర్తుకూ మధ్య ఒకే ఒక్క తేడా ఉంటే చాలదు, రెండు స్పష్టమైన తేడాలు ఉండాలన్నది మామూలు నియమం. డాలు రంగు మారితే ఒకటి. చుట్టూ అంచు కలిపితే ఒకటి. ఇప్పుడు రెండో రిచర్డ్ రాజు మాట గుర్తు తెచ్చుకోండి. అంచు ఒక్కటే తేడా అయితే చుట్టాలనుకుంటారు, పరాయివాళ్ల మధ్య అది సరిపోదన్నాడు కదా. ఆరువందల ఏళ్లు దాటాక కూడా గ్రోవ్‌నర్‌గారు ఆ వెండి అంచు డాలు పట్టుకుని హెరాల్డ్స్ పాయింట్‌కి వస్తే... తిరిగి వెళ్లాల్సిందే!

మనకిది మరీ కొత్త సంగతేం కాదు. సినిమా టైటిళ్ల రిజిస్ట్రేషను గొడవలు చూస్తూనే ఉన్నాం. 2010లో 'కత్తి' అన్న పేరు 'కల్యాణ్‌రామ్ కత్తి' అయింది. 'ఖలేజా' కాస్తా 'మహేష్ ఖలేజా' అయింది. ఎస్‌సీఏలో కూడా రాజీమార్గం ఉంది. పాత గుర్తు యజమానిని వెతికి పట్టుకుని 'నాకు అభ్యంతరం లేదు' అని ఉత్తరం రాయించుకుంటే పోలిక ఉన్నా నమోదు చేస్తారు. ఎప్పుడూ చూడని ఇద్దరు అలా పరిచయమవుతారు.

నర్సమ్మ ఆర్నెల్లు ఎదురుచూసింది. ఈలోపు జెండా కుట్టించుకుని కూడా ఉంటుంది, వద్దని ఎంత చెప్పినా ఎవరు ఆగుతారు? అప్పుడు ఉత్తరం వచ్చింది, కుదరదని. ఆ ఉత్తరం రాసేవాడి పరిస్థితి ఆలోచించండి. అవతలిది ఉద్యోగమో ఆస్తో పోయిన బాధ కాదు. కానీ ఓ మనిషి తనకు తాను పెట్టుకున్న పేరును, తన చేత్తో గీసుకున్న బొమ్మను కాదనడం చిన్న విషయమా? అందుకే తిప్పిపంపిన ప్రతి అర్జీకీ కారణం రాతపూర్వకంగా ఇస్తారు. అందరూ చదివేలా ప్రచురిస్తారు. అన్యాయం అనిపిస్తే అప్పీలు చేసుకోవచ్చు. ఒకసారి ఇచ్చిన కారణం తరవాతివాళ్లకు ఆధారం అవుతుంది, కోర్టు తీర్పుల్లాగే. నిబంధనలు కూడా రాతిమీద చెక్కినవి కావు. 2012లో మొత్తం నియమావళిని తిరగరాశారు. పాత నిబంధనల్లో లేనిదాన్ని వెతికి అడ్డుపెట్టడం కన్నా, పాతకాలంలో నిజంగా ఉన్నదాన్ని వెతికి దారి చూపించాలన్నది ఆ మార్పుల వెనకున్న ఆలోచన.

ఒకసారి రాసిందాన్ని మాత్రం కొట్టేయరు. తొలినాళ్ల ఉత్సాహంలో నమోదైన వింత గుర్తులు, ఇవాళ అడిగితే ఎవరూ ఇవ్వనివి, ఇప్పటికీ చెల్లుతున్నాయి. ఇచ్చినమాట ఇచ్చినట్టే.

మన గడప మీది గుర్తు

ఎంత ఆధారం చూపించినా ససేమిరా నమోదుచేయని గుర్తులు కొన్నున్నాయి. కిరీటం... రాజ్యం ఏలినవాళ్లకే. లారెల్ ఆకుల దండ... ఊరి శాఖలకే, వ్యక్తులకు ఇవ్వరు. తెల్లటి నేలమీద ఎర్ర శిలువ కూడా ఇవ్వరు, అది రెడ్‌క్రాస్‌ది, అంతర్జాతీయ ఒప్పందాలున్నాయి.

వాటితోపాటే స్వస్తిక కూడా. చదవగానే మనకు చివుక్కుమంటుంది. గడపకు పసుపు రాసి, కుంకుమతో మనం పెట్టుకునే గుర్తు. కొత్త లెక్కల పుస్తకం మొదటి పేజీలో, కొత్తకారు ముందు అద్దంమీద మనకు కనిపించే శుభం. ఇంకో చిత్రం, మధ్యయుగాల ఇంగ్లండు డాళ్లమీద కూడా అది ఉండేది. 'ఫిల్‌ఫాట్' అనేవారు. అంటే చరిత్ర రుజువు పుష్కలంగా ఉంది. అయినా నాజీల చేతిలో పడ్డాక దానికి అంటిన రక్తం అక్కడివాళ్ల కళ్లముందునుంచి పోదు. డాలు గుర్తు అనేది పదిమందికీ కనబడేలా ఎగరేసేది. చూసేవాళ్లలో తాతముత్తాతలను ఆ గుర్తుకింద పోగొట్టుకున్నవాళ్లు ఉండొచ్చు. కాబట్టి ఎవరికీ ఇవ్వరు.

ఇది కాగితంమీది నిబంధన మాత్రమే కాదని 2018లో తేలింది. దక్షిణ కాలిఫోర్నియా ప్రాంతపు రాజ్యంలో అప్పుడే పట్టాభిషేకమైన రాజారాణుల దుస్తుల అంచు నేతలో స్వస్తిక ఆకారాలు కనిపించాయి. పాతకాలపు నేత నమూనా చూసి చేసిందే కావొచ్చు. గొడవ ఎంత పెద్దదయిందంటే ఇద్దరూ సింహాసనం దిగిపోయారు. చరిత్రను ఉన్నదున్నట్టు చూపించాలని పుట్టిన సంఘంలో చరిత్రే సాక్ష్యం చెప్పినా చెల్లని సందర్భం అది. మన ఇంటి గడప మీద పెట్టుకోవడానికి మనం ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. వాళ్ల మైదానంలో వాళ్లు వద్దనుకోవడాన్ని తప్పుపట్టనూ లేమనిపిస్తుంది నాకు.

పోయినవాళ్ల జెండాలు

1966లో పాతికేళ్లవాళ్లు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లు. చాలామంది లేరు. వాళ్ల గుర్తులు మాత్రం మోర్సులస్ జాబితాలో అలాగే ఉన్నాయి. సంఘం మానేసినా, చందా కట్టకపోయినా, మనిషే లేకపోయినా నమోదు రద్దు కాదు. యజమాని స్వయంగా 'వదులుకుంటున్నాను' అని రాసిస్తేనే పోతుంది. పోయేముందు ఫలానావారికి చెందాలని వీలునామా కూడా రాయొచ్చు. అలాంటి వీలునామాకు ప్రత్యేకంగా నమూనా ఉంది. ఇల్లూ పొలం సంగతి వేరే వీలునామాలో, సింహం సంగతి ఇందులో!

కాబట్టి కొత్తగా వచ్చిన కుర్రాడి అర్జీ కొన్నిసార్లు ఎప్పుడో పోయిన మనిషి గుర్తుతో ఢీకొంటుంది. ఆయన ఎలాగూ లేడు కదా, ఇచ్చేయొచ్చుగా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇవ్వరు. ఆ మాట అడిగినవాడి గుర్తును కూడా రేపు అలాగే కాపాడాల్సిన ఆఫీసే కదా అది.

మన నర్సమ్మ మళ్లీ బల్లముందు కూర్చుంది. ఎర్ర డాలు, బంగారు సింహం ఎవరిదో ఉంది. నీలం చేస్తే? అదీ ఉంది. రెండు గులాబీలు తీసేసి సింహం చేతికి ఏదైనా ఇస్తే? ఎదుట కూర్చున్న హెరాల్డు ఆమె కథ అడిగాడు. ఏం పని చేస్తారు? రాత్రి డ్యూటీలా? అయితే సింహానికి ఓ లాంతరు ఇద్దామా... మధ్యయుగాల డాళ్లమీద లాంతర్లు ఉన్నాయో లేదో చూడాలి, ఉండండి, పుస్తకం తీస్తాను. డాలును నిలువుగా సగం చేసి ఓ పక్క నలుపు వేద్దాం. ఆమె స్కెచ్ పెన్నుల డబ్బా దగ్గరికి లాక్కుని నలుపు వెతుకుతోంది.

మళ్లీ ఆర్నెల్లు. ఈసారి ఉత్తరం మంచి వార్తతో వస్తే ఓ ఆదివారం పొద్దున పోటీ మైదానంలో తాడు అవతల నిలబడి ఉంటుంది. హెరాల్డు గొంతు సవరించుకుని, చేతిలో కాగితం చూసుకుని, నాలుగొందల ఏళ్లనాటి ఓ పేరును సాగదీసి గట్టిగా పిలుస్తాడు. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచేదాకా అది తననేనని ఆమెకు తట్టదు.